విదేశీ చదువుకు బీమా.. షరతులు చదివితేనే ధీమా

పాలసీపై రాసిన మొత్తం కాదు.. ఆసుపత్రిలో చెల్లించే మొత్తమే ముఖ్యం
పట్టా వచ్చిన తర్వాత ఏర్పడే ఖాళీ నెలలే ప్రమాదకరం

తోట్లవల్లూరు: కృష్ణా కరకట్ట వెంబడి లంక భూముల్లో పసుపు, కంద, అరటి సాగుచేసే రైతుకు బీమా గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చినప్పుడు ఈ ప్రాంతపు లంకలు నీట మునిగాయి. పత్రం మీద రాసిన పరిహారం ఒకటి, పంట పోయిన తర్వాత చేతికి అందేది మరొకటి అన్న సంగతి రైతుకు అనుభవపూర్వకంగా తెలుసు. అందుకే పంట బీమా మాట వస్తే యూనిట్ ఏది, నష్టాన్ని ఎలా లెక్కగడతారు, గడువు ఎప్పుడు అని పది ప్రశ్నలు అడుగుతాడు. అదే రైతు తన కుమారుడినో కుమార్తెనో అమెరికాలో ఎంఎస్ చదువుకు పంపేటప్పుడు మాత్రం విమానం టికెట్టుతో పాటు ఏజెంటు చేతిలో పెట్టిన వైద్య బీమా కాగితాన్ని విప్పి చూడడం అరుదు.

ఈ అశ్రద్ధకు మూల్యం చిన్నది కాదు. విదేశీ చదువుల కోసం పొలం తనఖా పెట్టి, ఇంటిపై బ్యాంకు రుణం తీసుకొని లక్షల రూపాయలు సమకూర్చే కుటుంబాలు డెల్టా గ్రామాల్లో ఎన్నో ఉన్నాయి. రుణం తీర్చే భారం ఆ విద్యార్థి సంపాదన మీదనే ఉంటుంది. ఆ సంపాదన మొదలుకాక ముందే ఒక అపెండిసైటిస్, ఒక రోడ్డు ప్రమాదం వస్తే తీసుకున్న రుణానికి సమానమైన మరో బాకీ ఆసుపత్రి బిల్లు రూపంలో మీద పడుతుంది.

అమెరికాలోని విదేశీ విద్యార్థుల వివరాలను ఏటా వెల్లడించే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి చేరింది. వీరిలో తెలుగు విద్యార్థుల వాటా పెద్దదే. ఇంత మంది వెళ్తున్నా బీమా విషయంలో సలహా చెప్పేవారు తక్కువ, అమ్మేవారు ఎక్కువ.

ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు

2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తర్వాత పెద్ద జబ్బు వస్తే కార్డు పట్టుకొని విజయవాడ ఆసుపత్రికి వెళ్లడం మన ప్రాంతంలో అలవాటైంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా కొనసాగుతున్న ఈ పథకం గుర్తింపు పొందిన ఆసుపత్రులకే పరిమితం. తల్లిదండ్రులు ఇక్కడ తీసుకున్న కుటుంబ ఆరోగ్య బీమా పాలసీలు కూడా సాధారణంగా దేశంలో జరిగే చికిత్సకే వర్తిస్తాయి. విదేశంలో చికిత్సకు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప వాటిని లెక్కలోకి తీసుకోరాదు.

మరొక పొరపాటు కూడా తరచుగా జరుగుతోంది. విద్యారుణం ఇచ్చేటప్పుడు పలు బ్యాంకులు విద్యార్థి పేరిట ఒక బీమా చేయిస్తాయి. అది రుణానికి ముడిపెట్టిన జీవిత బీమా. విద్యార్థికి అనుకోనిది జరిగితే బ్యాంకు బాకీ తీరడానికి ఉద్దేశించినది. జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరితే దాని నుంచి ఒక్క డాలరు కూడా రాదు. ‘బ్యాంకువారే బీమా చేయించారు కదా’ అని ఊరుకున్న కుటుంబాలు ఈ తేడాను గమనించాలి.

అమెరికాలో అందరికీ వర్తించే ప్రభుత్వ వైద్య పథకం లేదు. 1986లో చేసిన ఒక చట్టం ప్రకారం, ప్రభుత్వ మెడికేర్ పథకంలో పాల్గొనే ఆసుపత్రుల అత్యవసర విభాగాలు డబ్బు ఉన్నదా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయ స్థితి నుంచి నిలకడ స్థితికి తీసుకురావాలి. అంతవరకు మంచిదే. అయితే ఆ చట్టం చికిత్సకు హామీ ఇస్తుందే గాని బిల్లును మాఫీ చేయదు. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ఆసుపత్రి నుంచి ఒకటి, వైద్యుడి నుంచి ఒకటి, అంబులెన్సు సంస్థ నుంచి మరొకటి వేర్వేరుగా బిల్లులు వస్తాయి.

ఎవరికి తప్పనిసరి?

అమెరికా ప్రభుత్వ నిబంధనల్లోనే ఒక విచిత్రం ఉంది. విద్యా వినిమయ కార్యక్రమాల కింద జే-1 వీసాపై వెళ్లేవారికి బీమా తప్పనిసరి. ఒక్కో అనారోగ్యానికి లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల వైద్య ఖర్చు, స్వదేశానికి వైద్య తరలింపునకు 50 వేల డాలర్లు, మరణిస్తే భౌతికకాయం తరలింపునకు 25 వేల డాలర్లు ఉండాలని, విద్యార్థి ముందుగా భరించే మొత్తం 500 డాలర్లు మించరాదని 2015 నుంచి నిబంధన అమలులో ఉంది. మన విద్యార్థుల్లో అత్యధికులు వెళ్లేది ఎఫ్-1 వీసాపై. వారికి మాత్రం ఫెడరల్ ప్రభుత్వం ఇటువంటి షరతు ఏదీ పెట్టలేదు. ఆ బాధ్యతను విశ్వవిద్యాలయాలకు విడిచిపెట్టింది.

అందువల్ల ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో పద్ధతి. కొన్ని తమ సొంత పాలసీని విధిగా తీసుకోవాలంటాయి. పలు సంస్థలు ఫీజు బిల్లులోనే ప్రీమియం కలిపివేసి, తమ పాలసీకి సమానమైన మరో పాలసీ ఉన్నట్లు నిరూపిస్తే మినహాయింపు ఇస్తాయి. దీనిని ‘వైవర్’ అంటారు. సెమిస్టరు మొదలైన కొద్ది వారాల్లోనే ఈ వైవర్ గడువు ముగుస్తుంది. గడువు దాటితే బయట కొన్న పాలసీ చేతిలో ఉన్నా విశ్వవిద్యాలయ ప్రీమియం కట్టక తప్పదు. కొన్ని సంస్థల్లో అసలు బీమా తప్పనిసరి కాదు. నిజానికి ఎక్కువ జాగ్రత్త అవసరమైనది అక్కడే.

వైవర్ వైపు విద్యార్థులు మొగ్గడానికి కారణం స్పష్టమే. విశ్వవిద్యాలయ పాలసీ ప్రీమియం పలు చోట్ల ఏడాదికి రెండు వేల డాలర్లు దాటుతుంది. బయట దొరికే పాలసీలు అందులో కొంత భాగానికే వస్తాయి. రూమ్మేట్లు అందరూ అదే కొంటున్నారని కొత్తగా వెళ్లిన విద్యార్థి కూడా కొంటాడు. ఆ ధర ఎందుకు తక్కువగా ఉందో అడిగేవారు లేరు.

రెండూ లక్ష డాలర్ల పాలసీలే.. కాని

తేడా అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. ఒక విద్యార్థికి అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండగా మొత్తం బిల్లు 20 వేల డాలర్లు అయిందనుకుందాం. డాలరును 90 రూపాయలుగా లెక్కిస్తే అది 18 లక్షల రూపాయలు.

మొదటి పాలసీలో ‘డిడక్టబుల్’ 500 డాలర్లు. అంటే బీమా సంస్థ చెల్లింపు మొదలుపెట్టక ముందు విద్యార్థి తన జేబు నుంచి ఇవ్వవలసినది. మిగిలిన 19,500 డాలర్లలో 80 శాతం సంస్థ భరిస్తుంది, 20 శాతం అంటే 3,900 డాలర్లు విద్యార్థి భరిస్తాడు. ఈ వాటాను ‘కో-ఇన్సూరెన్స్’ అంటారు. మొత్తం కలిపి విద్యార్థిపై పడేది 4,400 డాలర్లు. అంటే 3.96 లక్షల రూపాయలు. కష్టమే అయినా నెలవారీ వాయిదాల్లో తీర్చగలిగినది.

రెండవ పాలసీలో డిడక్టబుల్ లేనే లేదు. ఏజెంటు దానినే ప్రధాన ఆకర్షణగా చూపిస్తాడు. అయితే లోపలి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. సర్జన్ రుసుము 3,000 డాలర్లు మించదు, గదికి రోజుకు 1,500 మాత్రమే, అత్యవసర విభాగానికి 500, మత్తు ఇచ్చే వైద్యుడికి 750, పరీక్షలన్నింటికీ కలిపి 750. ఈ లెక్కన సంస్థ చెల్లించేది 8,000 డాలర్లు. మిగిలిన 12,000 డాలర్లు, అంటే 10.80 లక్షల రూపాయలు, విద్యార్థి బాకీ. పాలసీ ముఖపత్రంపై మాత్రం రెండింటి మీదా ‘లక్ష డాలర్లు’ అనే ఉంటుంది. రెండవ పాలసీ వారు మోసం చేశారని కూడా అనలేం. రాసినట్టే చెల్లించారు.

కాబట్టి పాలసీ కొనేముందు మొత్తం ఎంత అని కాకుండా, సేవల వారీగా పరిమితులు ఉన్నాయా అని అడగాలి. అటువంటి పట్టిక ఉన్న పాలసీ జ్వరానికి, చిన్న గాయానికి సరిపోతుంది. అసలు బీమా అవసరమయ్యే రోజున సరిపోదు.

మొదటి తరహా పాలసీల్లో మరో రక్షణ కూడా ఉంటుంది. ఏడాది మొత్తంలో విద్యార్థి తన జేబు నుంచి భరించవలసిన సొమ్ముకు ఒక హద్దు పెడతారు. ఆ హద్దు దాటిన తర్వాత నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో పాలసీ పరిధిలోకి వచ్చే ఖర్చు అంతా సంస్థదే. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి వారాల తరబడి ఐసీయూలో ఉండవలసి వచ్చినప్పుడు ఈ హద్దు విలువ తెలుస్తుంది. 2010లో వచ్చిన ఆరోగ్య సంస్కరణల చట్టం ప్రకారం, బీమా కంపెనీల ద్వారా విశ్వవిద్యాలయాలు ఇచ్చే విద్యార్థి పాలసీల్లో ప్రధాన వైద్య సేవలకు ఏడాది పరిమితి గాని, జీవితకాల పరిమితి గాని విధించరాదు. ముందునుంచి ఉన్న జబ్బు అనే సాకుతో నిరాకరించరాదు. ప్రయాణ బీమా తరహా పాలసీలకు ఈ చట్టం వర్తించదు. ధరలో తేడాకు అసలు కారణం ఇదే.

ఏ ఆసుపత్రి అన్నది రెండవ ప్రశ్న

పాలసీ మంచిదైనా అన్ని ఆసుపత్రుల్లో ఒకే విధంగా చెల్లదు. సంస్థతో ఒప్పందం ఉన్న వైద్యులు, ఆసుపత్రుల జాబితానే ‘నెట్‌వర్క్’ అంటారు. జాబితా బయటకు వెళ్తే విద్యార్థి వాటా పెరుగుతుంది. కొన్ని పాలసీలు అసలు చెల్లించవు. అత్యవసర పరిస్థితిలో అంబులెన్సు ఎక్కడికి తీసుకువెళ్తే అక్కడే చేరతాం గదా అన్న ప్రశ్న సహజం. అటువంటి సందర్భంలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి అదనపు బిల్లు వేయకుండా 2022 జనవరి 1 నుంచి ఒక ఫెడరల్ చట్టం రక్షణ కల్పిస్తోంది. ఇందులోనూ రెండు లొసుగులున్నాయి. రోడ్డుపై నడిచే అంబులెన్సు ఛార్జీలకు ఆ చట్టం వర్తించదు. ప్రయాణ బీమా, స్వల్పకాలిక బీమా పాలసీలు ఉన్నవారికి కూడా వర్తించదు.

విద్యార్థి చేరిన మొదటి వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. తాను ఉంటున్న ఇంటికి దగ్గరలో నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి ఏది, ‘అర్జెంట్ కేర్’ కేంద్రం ఏది అని చూసి ఫోనులో రాసుకోవాలి. జ్వరం, వాంతులు, బెణుకు వంటి వాటికి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఆరోగ్య కేంద్రం చాలు. అది మూసి ఉన్న వేళల్లో అర్జెంట్ కేర్ కేంద్రానికి వెళ్లవచ్చు. అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చిందని నేరుగా అత్యవసర విభాగానికి వెళ్తే బిల్లు ఎన్నో రెట్లు అవుతుంది. అలాగని ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, తీవ్ర రక్తస్రావం వంటి పరిస్థితుల్లో బిల్లు చూసి వెనుకాడకూడదు. ఖర్చు భయంతో రెండు రోజులు గదిలోనే పడి ఉండడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

ఫీజు బిల్లులో ‘స్టూడెంట్ హెల్త్ ఫీ’ అని కనిపించేది ప్రాంగణ కేంద్రం రుసుము మాత్రమే. దానిని బీమాగా భావించి వైవర్ పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు.

దాచిన జబ్బు.. తిరస్కరించిన క్లెయిమ్

ఉబ్బసం, థైరాయిడ్, మూర్ఛ, చిన్న వయసులోనే వచ్చే మధుమేహం వంటివి ఉన్న పిల్లలు కూడా విదేశాలకు వెళ్తున్నారు. దరఖాస్తులో అవి రాస్తే ప్రీమియం పెరుగుతుందని, పాలసీ రాదని ‘ఏమీ లేవు’ అని నింపించడం పరిపాటిగా మారింది. ఇది తెలిసి చేసే తప్పు. క్లెయిమ్ వచ్చినప్పుడు సంస్థ పాత వైద్య రికార్డులను అడుగుతుంది. అక్కడి వైద్యుడు ‘అయిదేళ్లుగా మందు వాడుతున్నట్లు రోగి చెప్పాడు’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు, క్లెయిమ్ ఆగిపోతుంది. ఇటువంటి సమస్య ఉన్న విద్యార్థికి ధర ఎక్కువైనా విశ్వవిద్యాలయ పాలసీయే తగినది.

ముందునుంచి ఉన్న జబ్బులతో పాటు మరికొన్ని మినహాయింపులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మద్యం సేవించి ఉండగా జరిగిన ప్రమాదం, సాహస క్రీడలు, పోటీల్లో ఆడుతూ తగిలిన గాయాలు, ఆత్మహత్యాయత్నం, గర్భధారణ వంటి వాటిని పలు చవక పాలసీలు వదిలివేస్తాయి. మానసిక వైద్యం సంగతి ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి. ఒంటరితనం, చదువు ఒత్తిడి, ఉద్యోగం రాలేదన్న దిగులు విదేశాల్లోని విద్యార్థులను కుంగదీస్తున్నాయి. ఆ సమయంలో వైద్యుడి వద్దకు వెళ్లడానికి బీమా అడ్డంకి కారాదు. మన ఇళ్లలో ఈ మాట ఎత్తడానికే జంకుతారు గాని, పాలసీలో ఆ సేవ ఉందో లేదో చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దంతవైద్యం, కళ్లద్దాలు చాలా పాలసీల్లో ఉండవు. పుచ్చిన పన్ను ఉంటే విమానం ఎక్కక ముందే విజయవాడలోనో మచిలీపట్నంలోనో చూపించుకోవడం మేలు. అదనంగా ఒక జత కళ్లద్దాలు తీసుకువెళ్లాలి. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా టీకా రెండు మోతాదులు వేయించుకున్నట్లు ధ్రువపత్రం పలు విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. ఇక్కడ వేయించుకుంటే ఖర్చు తక్కువ.

ఖాళీ నెలలతో జాగ్రత్త

బీమా లేకుండా పోయేది సాధారణంగా చదువు మధ్యలో కాదు, చదువు ముగిసిన తర్వాత. పట్టా చేతికి వచ్చాక ఎఫ్-1 విద్యార్థి 12 నెలల పాటు తన చదువుకు సంబంధించిన ఉద్యోగం చేయవచ్చు. దీనినే ఓపీటీ అంటారు. సైన్సు, ఇంజినీరింగ్ కోర్సులవారికి మరో 24 నెలలు పొడిగింపు ఉంది. కాని ఉద్యోగం ఇంకా రాని దశలో విశ్వవిద్యాలయ పాలసీ గడువు ముగుస్తుంది. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంలో చేరితేనే మొదలవుతుంది. ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి నిరుద్యోగిగా ఉండరాదన్న నిబంధన మీద ఉన్న ధ్యాస బీమా మీద ఉండదు. చేతిలో డబ్బు తక్కువగా ఉండేదీ, ఉద్యోగం కోసం ఒక నగరం నుంచి మరో నగరానికి కారులో తిరిగేదీ ఆ నెలల్లోనే. ఇంటివద్ద తల్లిదండ్రులేమో ‘చదువు అయిపోయింది, ఇక గట్టెక్కాం’ అనుకుంటారు.

ఈ ఖాళీని పూడ్చడానికి దారులున్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు పట్టభద్రులకు కొంతకాలం పాలసీ పొడిగించుకునే వీలు కల్పిస్తాయి. గడువు ముగియక ముందే అడగాలి. చట్టబద్ధంగా నివసిస్తున్న విదేశీయులు ప్రభుత్వ ఆధ్వర్యంలోని బీమా మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ కొనుక్కోవచ్చు. ఉన్న బీమా పోయిన 60 రోజుల్లోగా దరఖాస్తు చేసుకుంటే ఏడాది చివరి వరకు ఆగనక్కర్లేదు. అయితే 2025 జులైలో వచ్చిన చట్టం మూలంగా 2027 నుంచి విద్యార్థి వీసాదారులకు అందులో ప్రీమియం రాయితీ లభించదు. పూర్తి ధర కట్టవలసి ఉంటుంది. అదీ సాధ్యం కానివారు కనీసం ప్రమాదాలకు, ఆసుపత్రిలో చేరికకు పనికివచ్చే స్వల్పకాలిక పాలసీ అయినా తీసుకోవాలి. దాని పరిమితులు తెలిసి తీసుకుంటే నష్టం లేదు.

వేసవి సెలవుల్లో స్వదేశానికి వచ్చినప్పుడు, సెమిస్టరు విరామం తీసుకున్నప్పుడు కూడా పాలసీ కొనసాగుతున్నదీ లేనిదీ చూసుకోవాలి. బయలుదేరే రోజు నుంచి విశ్వవిద్యాలయ పాలసీ మొదలయ్యే రోజు వరకు ఇక్కడ కొన్న ప్రయాణ బీమా ఉపయోగపడుతుంది. దాని అసలు స్థానం అదే.

ఇతర దేశాల్లో..

బ్రిటన్‌లో పద్ధతి వేరు. ఆరు నెలలకు మించిన వీసాకు దరఖాస్తుతోనే ఆరోగ్య సర్‌ఛార్జి చెల్లించాలి. 2015లో మొదలైనప్పుడు విద్యార్థులకు ఏడాదికి 150 పౌండ్లు ఉన్న ఈ రుసుము 2024 ఫిబ్రవరి నుంచి 776 పౌండ్లకు చేరింది. కోర్సు కాలమంతటికీ ఒకేసారి కట్టాలి. ఆ తర్వాత అక్కడి జాతీయ ఆరోగ్య సేవ కింద చికిత్స లభిస్తుంది. కాని ఇంటి దగ్గరి వైద్యుడి వద్ద పేరు నమోదు చేసుకోవడం విద్యార్థి బాధ్యత. డబ్బు కట్టి నమోదు మరిచిపోయినవారు జబ్బు చేసినప్పుడు తడుముకుంటారు.

ఆస్ట్రేలియాలో వీసా ఉన్నన్ని రోజులూ ఓఎస్‌హెచ్‌సీ అనే విద్యార్థి బీమా ఉండడం వీసా షరతు. ముందునుంచి ఉన్న జబ్బులకు సాధారణంగా 12 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. జర్మనీలో 30 ఏళ్లలోపు విద్యార్థులు చట్టబద్ధ ప్రజా బీమాలో చేరవచ్చు. ఇది మేలైన ఏర్పాటు. ప్రైవేటు బీమా తీసుకొని దీని నుంచి మినహాయింపు పొందితే ఆ చదువు ముగిసే వరకు తిరిగి ఇందులోకి రావడం కష్టం. చవకగా ఉందని తొందరపడరాదు. కెనడాలో రాష్ట్రానికో విధానం ఉంది. ఆంటారియోలో విశ్వవిద్యాలయాలకు యూహిప్ పేరిట ప్రత్యేక పథకం ఉండగా కళాశాలల్లో ప్రైవేటు పాలసీలు నడుస్తాయి.

వైద్యవిద్య కోసం తూర్పు ఐరోపా, మధ్య ఆసియా దేశాలకు వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. యుద్ధం వల్ల కలిగే నష్టం సాధారణంగా బీమా పరిధిలోకి రాదు. 2022లో ఉక్రెయిన్ నుంచి తెలుగు విద్యార్థులు సహా సుమారు 22,500 మంది భారతీయులను తీసుకువచ్చినది ఆపరేషన్ గంగ కింద కేంద్ర ప్రభుత్వమే గాని బీమా సంస్థలు కావు.

ఆసుపత్రి తల్లిదండ్రులకు చెప్పదు

తోట్లవల్లూరు నుంచి తండ్రి ఫోను చేసి ‘మా అబ్బాయి ఎలా ఉన్నాడు’ అని అడిగితే అమెరికా ఆసుపత్రి సిబ్బంది సమాధానం ఇవ్వకపోవచ్చు. 18 ఏళ్లు నిండిన వ్యక్తి వైద్య వివరాలను గోప్యంగా ఉంచాలని 1996 నాటి చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఇది నిర్దయ కాదు, నిబంధన. విద్యార్థి ముందుగానే సమ్మతి పత్రంపై సంతకం చేసి, అత్యవసర సమయంలో ఎవరికి చెప్పాలో విశ్వవిద్యాలయంలో రాయించి ఉంచితే ఈ వేదన తప్పుతుంది. బీమా కార్డు రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపాలి. పాలసీ సంఖ్య, సంస్థ ఫోను నంబరు, పాస్‌పోర్టు నకలు, ఒకరిద్దరు రూమ్మేట్ల నంబర్లు ఇంటివద్ద కాగితంపై రాసి ఉండాలి. సెల్‌ఫోనులో ఉంది గదా అనుకోరాదు. ఆ ఫోను ఉండేది ప్రమాదంలో చిక్కుకున్న విద్యార్థి జేబులోనే.

జరగరానిది జరిగితే..

ఈ మాట రాయడానికి మనసొప్పకపోయినా రాయక తప్పదు. విదేశంలో విద్యార్థి మరణిస్తే భౌతికకాయాన్ని స్వగ్రామానికి చేర్చడానికి వేల డాలర్లు అవుతాయి. పాలసీలో ఆ అంశం ఉంటే సంస్థే ఏర్పాట్లు చూస్తుంది. లేనప్పుడు స్నేహితులు ఇంటర్నెట్‌లో విరాళాలు సేకరించడం, తెలుగు సంఘాలు ముందుకు రావడం పదే పదే చూస్తున్నాం. తానాకు ‘టీమ్ స్క్వేర్’ పేరిట ఇటువంటి ఆపదల్లో తోడ్పడే స్వచ్ఛంద విభాగం ఉంది. భారత రాయబార కార్యాలయాల వద్ద 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి నుంచి ఆర్థిక స్థోమత లేనివారికి సాయం అందుతుంది. తాడేపల్లి కేంద్రంగా పనిచేసే ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ ‘ప్రవాసాంధ్ర భరోసా’ అనే బీమాను విద్యార్థులకూ అందుబాటులోకి తెచ్చింది. అది ప్రధానంగా ప్రమాద మరణం, శాశ్వత వైకల్యం కోసం ఉద్దేశించినది. వైద్య బీమాకు తోడుగా ఉండదగినదే గాని, దాని స్థానంలో పెట్టుకోదగినది కాదు.

తిరస్కరిస్తే ఎక్కడికి?

క్లెయిమ్ తిరస్కరణ లేఖ వస్తే దానితో కథ ముగిసినట్లు భావించరాదు. అమెరికాలోని విశ్వవిద్యాలయ పాలసీల విషయంలో తిరస్కరణ అందిన 180 రోజుల్లోగా సంస్థకే అప్పీలు చేయవచ్చు. అక్కడా కాదంటే నాలుగు నెలల్లోగా బయటి స్వతంత్ర సమీక్ష కోరవచ్చు. బిల్లు భరించలేనప్పుడు ఆసుపత్రినే అడిగే వీలు కూడా ఉంది. పన్ను మినహాయింపు పొందే లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలని, మొదటి బిల్లు ఇచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తులు స్వీకరించాలని అక్కడి నిబంధన. ఎవరు అర్హులన్నది ఒక్కో ఆసుపత్రిని బట్టి మారుతుంది. చాలామంది విద్యార్థులకు ఇటువంటిది ఒకటుందనే తెలియక క్రెడిట్ కార్డు మీద మొత్తం కట్టివేస్తారు. ముందుగా ప్రతి ఖర్చునూ విడివిడిగా చూపే బిల్లు అడిగి, బీమా సంస్థ పంపిన వివరణ పత్రంతో సరిపోల్చాలి. తప్పులు దొర్లడం అక్కడా ఉంది.

ఇక్కడ కొన్న పాలసీ అయితే మొదట బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. పాలసీ పత్రం, తిరస్కరణ లేఖ, ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి పత్రం నకళ్లు జతచేసి ఫిర్యాదు దాఖలు చేయాలి.